ఫైలుకు హద్దులు రాసే విద్య

547, ఆటపాక, 12/3, 04-10-1999, 5

కైకలూరు పక్కనున్న ఆటపాక పేరు వినగానే ఈ ప్రాంతం వాళ్లకు గూడబాతులు గుర్తొస్తాయి. మిగతా నాలుగు గడుల్లో ఉన్నవేమిటో చూపు మాత్రంతో చెప్పడం ఎవరి తరమూ కాదు. సర్వే నంబరు నేను ఊహించి వేసింది. తక్కినవన్నీ నిజమైనవే. 2011 జనగణనలో కృష్ణా జిల్లా కోడు 547. కొల్లేరు సరస్సును వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటిస్తూ ప్రభుత్వం 120వ నంబరు జీవో ఇచ్చిన రోజు 1999 అక్టోబరు 4. ఆ అభయారణ్యం ఎక్కడిదాకా అన్నది తేల్చిన కాంటూరు 5. ఇవన్నీ తెలిసిన మనిషి పక్కనుంటే ఈ వరుస కొల్లేరు చరిత్రలో ఒక ముక్క. ఆ మనిషి బదిలీ అయి వెళ్లిపోతే ఐదు గడుల్లో ఐదు గుర్తులు మిగులుతాయి, అంతే.

కామాలతో విడదీసిన ఇలాంటి వరుసల ఫైళ్లే ఈనాడు ఆఫీసు నుంచి ఆఫీసుకు, ల్యాబు నుంచి ఆసుపత్రికి, బ్యాంకు నుంచి బ్యాంకుకు తిరుగుతున్నాయి. వీటిని సీఎస్‌వీ ఫైళ్లంటారు. తనలో ఏముందో ఈ ఫైలు తాను చెప్పుకోలేదు. పై వరుసలో గడుల పేర్లున్నా అవి పేర్లే. ఏ గడి సంఖ్య, ఏది తేదీ, ఏది కొలత, ఆ కొలత అడుగుల్లోనా మీటర్లలోనా అన్నది ఫైలు బయట ఎక్కడో రాసి ఉండాలి. ఆ రాతను ఒక్కచోట పెట్టి, ఫైలును కదిలించకుండానే దాన్ని పట్టికలా చదివించే ఏర్పాటు కంప్యూటర్ల చరిత్రలో చాలా నెమ్మదిగా పుట్టింది. డేటా ఇంటిగ్రేషన్ సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లు దీన్ని ఫైలు రిజిస్టర్ చేయడం అంటారు. అచ్చం సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో జరిగే పని లాంటిదే: పొలాన్ని ఎవరూ ఆఫీసుకు మోసుకెళ్లరు, దాని విస్తీర్ణమూ నాలుగు హద్దులూ పుస్తకంలోకి ఎక్కుతాయి.

ఈ ఏర్పాటు పూర్వీకుణ్ని వెతికితే 1890 అమెరికా జనగణన దాకా వెళ్లాలి. హెర్మన్ హోలరిత్ తయారుచేసిన యంత్రాలు ఆ లెక్కల్ని చిల్లులు పొడిచిన అట్టముక్కల మీద నడిపించాయి. అట్టమీద ఫలానా చోట చిల్లుంటే ఫలానా అర్థం. ఆ అర్థం అట్టలో లేదు, పనిచేసేవాళ్ల దగ్గరున్న నమూనా కాగితంలో ఉంది. కాగితం పోతే అట్టలు చిల్లుల అట్టలుగానే మిగులుతాయి. డేటా ఒకచోట, దాని వివరం మరోచోట అన్న విడాకులు అప్పటికే జరిగిపోయాయి. తర్వాతి నూరేళ్ల కథంతా ఆ రెండో దాన్ని ఎక్కడ ఉంచాలన్నదే.

1959లో అమెరికా రక్షణశాఖ చొరవతో మొదలై, మరుసటి ఏడాది బయటికొచ్చిన కోబాల్ భాష దీనికో చోటు చూపింది. ప్రోగ్రాములో డేటా డివిజన్ అని విడిగా ఒక భాగం పెట్టి, ఏ ఫైలులో ఏ గడి ఎన్ని అక్షరాల వెడల్పో, అంకెలో అక్షరాలో అక్కడ రాయమంది. అంతకుముందు గ్రేస్ హాపర్ బృందం చేసిన ఫ్లో-మాటిక్‌లోనే ఈ విభజన ఉంది. ఫైలు వివరాన్ని పని సూచనల నుంచి విడదీసి రాయాలన్న ఆలోచన నా దృష్టిలో కోబాల్ మనకిచ్చిన అన్నిటికన్నా పెద్ద ఆస్తి. దానికి లోపం ఒక్కటే: ఆ వివరం ప్రోగ్రాము లోపలే ఉండిపోయింది. ఒకే ఫైలును వంద ప్రోగ్రాములు చదివితే వంద చోట్ల దాని వివరం. కాపీబుక్ పేరుతో ఒకే రాతను అందరూ వాడుకునే వీలున్నా అందరూ వాడలేదు.

దాని ఫలితాన్ని తెలుగువాళ్లు దగ్గరగా చూశారు. ఏడాదిని రెండంకెల్లో రాసుకున్న పాత ఫైళ్లు 2000 వచ్చేసరికి 1900కు జారిపోతాయన్న భయంతో ప్రపంచమంతా ప్రోగ్రాములను తిరగేయించుకుంది. వైటూకే పనికి హైదరాబాదు అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని విమానమెక్కిన కోస్తా జిల్లాల పిల్లలు వేలల్లో ఉన్నారు. వాళ్లు అక్కడ చేసిన పనిలో ఎక్కువ పాలు లెక్కలు సరిచేయడం కాదు, ఏ ఫైలులో ఏ గడి తేదీయో ప్రోగ్రాము తర్వాత ప్రోగ్రాము వెతకడం. వివరం ఒక్కచోట రాసి ఉంటే ఆ వెతుకులాటలో చాలా భాగం తప్పేది.

ఒక్కచోట రాయడమెలాగో అప్పటికే తెలిసింది. ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ 1970లో డేటానంతా పట్టికలుగా చూడమన్నాడు. ఆ సంస్థలోనే తర్వాత నడిచిన సిస్టమ్-ఆర్ ప్రయోగంలో పట్టికల వివరాలను కూడా పట్టికల్లోనే దాచారు. ఏయే పట్టికలున్నాయో, ఏ పట్టికలో ఏ గడులున్నాయో అన్నిటినీ మామూలు ప్రశ్నలాగే అడిగి తెలుసుకోవచ్చు. 1985లో కాడ్ ప్రకటించిన ప్రసిద్ధ సూత్రాల్లో నాలుగోది ఇదే. డేటాబేసు గోడల లోపల సమస్య తీరింది. గోడ బయట పడి ఉన్న ఫైళ్లను పట్టించుకునేవాళ్లు లేరు.

వాటిని పట్టించుకున్న సాఫ్ట్‌వేర్లలో ఒకటి వ్యవసాయం నుంచి వచ్చింది. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో 1960ల చివర పంటల ప్రయోగాల లెక్కలు కట్టడానికి మొదలైన పనే శాస్. 1976లో అది కంపెనీ అయింది. ప్రయోగ క్షేత్రంలో మడికో వరుసగా రాసుకొచ్చే అంకెలను యంత్రానికి అర్థమయ్యేలా వివరించడం దాని పుట్టుకలోనే ఉంది. తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం లాంటి చోట్ల పరిశోధకుల బల్లల మీద పేరుకునే అంకెలు కూడా ఇదే జాతివి. 1993లో గౌరవ్ ధిల్లాన్, డియాజ్ నెసమోనీ స్థాపించిన ఇన్ఫర్మాటికా మరో దారిన వచ్చింది. పదిచోట్ల నుంచి డేటా తెచ్చి ఒకచోట చేర్చడమే దాని పని. ఇప్పుడు అమీర్‌పేట గోడల మీద కోబాల్ బదులు ఆ పేరుంటుంది.

ఇక ఒక ఫైలును రిజిస్టర్ చేసేటప్పుడు తెర మీద ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. శాస్ వారి డేటా ఇంటిగ్రేషన్ స్టూడియోలో బయటి ఫైళ్లకు వేరుగా, డేటాబేసులో ఉన్న పట్టికలకు వేరుగా విజార్డులు, అంటే అడుగడుగునా ప్రశ్నలడిగే తెరలు, ఉంటాయి. పట్టికల పని సులువు. డేటాబేసును అడిగితే గడుల పేర్లు, రకాలు అదే చెబుతుంది. ఫైలు దగ్గరే మనిషి కూర్చోవాలి. ముందు అది కామాలతో విడదీసినదా, గడికింత వెడల్పని కొలిచి రాసినదా తేల్చి, తగిన విజార్డును ఎంచుకోవాలి. తర్వాత ఫైలు ఏ కంప్యూటరులో ఏ దారిలో ఉందో, ఏ లిపి సంకేతంలో రాశారో, మొదటి వరుస పేర్లా డేటాయా చెప్పాలి. ఆపైన గడి గడికీ పేరు, రకం, పొడవు, చదివే పద్ధతి. పక్కనే వివరణ రాసే చిన్న ఖాళీ. సాఫ్ట్‌వేరు తొలి కొన్ని వరుసలు చదివి తనంతట తానే ఊహించి నింపే వీలు కూడా ఉంటుంది. ఆ ఊహ దగ్గరే జాగ్రత్త పడాలి.

సర్వే నంబరునే తీసుకోండి. 12/3 అంటే పన్నెండో సర్వే నంబరులో మూడో సబ్‌డివిజన్ అని మన రైతుకు పుట్టుకతో తెలుసు. స్ప్రెడ్‌షీటుకు అది తేదీ. మన దేశపు అమరికలో మార్చి 12, అమెరికా అమరికలో డిసెంబరు 3. 2025లో ఆ నంబరు టైపు చేసి, తర్వాత గడిని మామూలు సంఖ్యగా మార్చి చూస్తే ఎక్సెల్ 45728 అని చూపిస్తుంది. ఆ అంకె నుంచి పొలానికి తిరిగి వెళ్లే దారి లేదు. ఈ జబ్బు మన రెవెన్యూ లెక్కలకే పరిమితం అనుకోవద్దు. మార్చ్1, సెప్ట్1 లాంటి పేర్లున్న మానవ జన్యువులు శాస్త్రవేత్తల ఫైళ్లలో తేదీలుగా మారిపోతుంటే, జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చేసింది. మన సర్వే నంబర్లను ఎవరూ మార్చరు. కాబట్టి రిజిస్టర్ చేసేవాళ్లే ఆ గడిని అక్షరాల గడి అని రాయాలి. 04-10-1999 సంగతీ అంతే. రోజు ముందా, నెల ముందా చెప్పకపోతే కొల్లేరు అభయారణ్యం ఆరు నెలలు ముందుగా, ఏప్రిల్ 10నే పుట్టేస్తుంది.

పొడవు రాసే గడిలో తెలుగుకు ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. తాడేపల్లిగూడెం పేరును ఇంగ్లిషు స్పెల్లింగులో రాస్తే 14 అక్షరాలు, 14 బైట్లు. తెలుగులో రాస్తే హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా అన్నీ కలిపి యూనికోడ్ లెక్కలో అవీ 14 సంకేతాలే. కాకపోతే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోదానికి 3 బైట్లు. అంటే 42. చాలా సాఫ్ట్‌వేర్లు పొడవును బైట్లలోనే కొలుస్తాయి. ఇంగ్లిషు ఊరి పేర్లకు సరిపోతుంది కదా అని 20 అని రాసి వదిలేస్తే ఆరు సంకేతాలు నిలిచి ఏడోది సగంలో తెగుతుంది. గడిలో ‘తాడేపల’ అని పడి, పక్కన ప్రశ్నార్థకంతో ఒక నల్ల డైమండు బొమ్మ మిగులుతుంది. గూడెం గల్లంతు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం దొరికింది. యూటీఎఫ్-8ను మరుసటి ఏడాది న్యూజెర్సీలో భోజనం బల్ల దగ్గర కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. ఇన్నేళ్ల తర్వాత కూడా మన ఊళ్ల పేర్లు తెగిపోతున్నాయంటే లోపం లిపిది కాదు, ఆ ఒక్క గడిలో రాసిన అంకెది. పాత అను ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లయితే మరీ చిక్కు. వాటిలో తెలుగు కనిపించేది ఫాంటు ఉన్నంతసేపే. కింద నిజంగా ఉన్నవి ఇంగ్లిషు గుర్తులు. ఆ సంగతి నమోదులో రాయకపోతే ఆ ఫైలును చదవగలిగేవాడు రేపు ఉండడు.

ఇప్పుడు చివరి గడికి వద్దాం. ‘ఐదో కాంటూరు’ అంటే కొల్లేరు గ్రామాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సముద్రమట్టం కన్నా అయిదు అడుగుల ఎత్తులో సరస్సు చుట్టూ సాగే గీత అది. ఆ గీత లోపల అభయారణ్యం, 308 చదరపు కిలోమీటర్లు. అక్కడ చేపల చెరువులు కుదరవు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు తెగ్గొట్టింది ఆ గీత లోపలే. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని ఏళ్ల తరబడి అడుగుతున్నది ఆ గీత గురించే. శాసనసభ కూడా ఒకప్పుడు ఆ మేరకు తీర్మానం చేసింది. పదో కాంటూరు దాకా వెళితే 901 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన చిత్తడి నేల విస్తీర్ణం అదే. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ నేల ఎంత పల్లమంటే, అయిదు అడుగుల తేడాతో సరస్సు దాదాపు మూడింతలవుతుంది.

శాటిలైటు చిత్రాలు, ఎత్తుల పటాలు, ఇంజినీరింగు లెక్కలు అన్నీ ఇప్పుడు మీటర్లలో వస్తున్నాయి. వాటితో మన ఫైలును కలపబోతే చివరి గడిలో ‘5’ తప్ప మరేమీ లేదు. కలిపేవాళ్లు ఏ బెంగళూరులోనో కూర్చున్న కుర్రాళ్లయితే అది మీటర్లనే అనుకుంటారు. అయిదు మీటర్లంటే పదహారు అడుగుల పైమాటే. అసలు గీత ఒకటిన్నర మీటరు ఎత్తున ఉంటే, వీళ్ల పటంలో రామ్‌సర్ హద్దును కూడా దాటి పచ్చని వరిచేలు, ఊళ్లు సరస్సు లోపలికి వచ్చేస్తాయి. ప్రోగ్రాము ఎక్కడా ఆగదు, తప్పని చెప్పదు. సంఖ్య గడిలో సంఖ్యే ఉంది కదా. రకం, పొడవు, పద్ధతి అన్నీ సరిగ్గా నింపినా వివరణ గడిని ఖాళీగా వదిలిన నమోదును నేను అరకొర నమోదనే అంటాను. యంత్రం తొలి ఇరవై వరుసలు చదివి 5 ఒక సంఖ్య అని కనిపెట్టగలదు. అవి అడుగులని ఇరవై లక్షల వరుసలు చదివినా కనిపెట్టలేదు. ఆ సంగతి జీవో చదివినవాళ్లకు, లేకపోతే కొల్లేటి గట్టున బతికేవాళ్లకు తెలుస్తుంది.

ఫైలును కదిలించకుండానే చదివే ఏర్పాటు డేటాబేసుల్లోకి కూడా వచ్చింది. 2001లో ఒరాకిల్ తన 9ఐ డేటాబేసులో ఎక్స్‌టర్నల్ టేబుల్ అనే సౌకర్యం తెచ్చింది. ఫైలు ఉన్నచోటే ఉంటుంది, డేటాబేసు దాని వివరం మాత్రమే దాచుకుంటుంది, ప్రశ్న వేసిన ప్రతిసారీ వెళ్లి చదువుతుంది. అదే కాలంలో డేటాబేసులను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో బయటి డేటా నిర్వహణకు ఒక భాగం చేరింది. దాన్ని అనుసరించే పోస్ట్‌గ్రెస్ డేటాబేసు 2011లో బయటి ఫైళ్లను పట్టికలుగా చదవడం నేర్చింది. ఫేస్‌బుక్‌లో ఆశిష్ తుసూ, జయదీప్ సేన్ శర్మ తదితరులు కట్టి 2008లో అందరికీ విడుదల చేసిన హైవ్ సాఫ్ట్‌వేరులో ఈ ఆలోచన ఇంకా స్పష్టపడింది. అక్కడ వివరాలన్నీ మెటాస్టోర్ అనే విడి గిడ్డంగిలో ఉంటాయి. మామూలు పట్టికను తొలగిస్తే డేటా కూడా చెరిగిపోతుంది. బయటి పట్టికగా నమోదైనదాన్ని తొలగిస్తే నమోదు మాత్రమే పోతుంది, ఫైలు ఉన్నచోటే ఉంటుంది. ఈ తేడా తెలియక కొత్తవాళ్లు పోగొట్టుకున్న డేటా ఇంతా అంతా కాదు.

ఈ నమోదు పనికి ప్రాణాలతో కూడా సంబంధం ఉంటుందని ఏలూరు చూసింది. 2020 డిసెంబరు మొదటి వారంలో పట్టణంలో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో, తల తిరిగి, వాంతులతో పడిపోయారు. కొద్ది రోజుల్లోనే బాధితులు 600 దాటారు. కొందరిని విజయవాడ, గుంటూరు ఆసుపత్రులకు తరలించారు. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఐఐసీటీ, నాగపూర్ నీరి సంస్థ రక్తం, నీరు, ఆహారం నమూనాలు పరీక్షించాయి. ఎయిమ్స్‌కు పంపిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. పోషకాహార సంస్థ వేళ్లు పురుగుమందుల అవశేషాల వైపు చూపించాయి. అలాంటి వేళ ఒక్కో సంస్థ నుంచి ఒక్కో రూపంలో వచ్చే ఫలితాలను ఒక్క పట్టిక కింద చేర్చి చూడాలి. రక్తంలో సీసాన్ని డెసీలీటరుకు ఇన్ని మైక్రోగ్రాములని రాయడం వైద్యుల అలవాటు. నీటి ప్రమాణాలు లీటరు లెక్కన ఉంటాయి. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదు. రెండు ఫైళ్లలోనూ గడి పేరు ‘సీసం’. డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములంటే లీటరుకు 50 మైక్రోగ్రాములు. కొలమానం నమోదు చేయకుండా పక్కపక్కన పెడితే పదింతల తప్పు ఎవరి కంటా పడకుండా దూరిపోతుంది. ఒక రోగి ఏలూరు ఆసుపత్రి ఫైలులో ఒక నంబరుతో, విజయవాడ ఫైలులో మరో నంబరుతో ఉంటే ఇద్దరవుతాడు. వ్యాధి ఏ వీధిలో ఎంత ఉందో చెప్పే పటం ఆ మేరకు అబద్ధమాడుతుంది.

గడుల అర్థం కాలంతో మారుతుందన్న సంగతి ఏలూరుకు మరీ బాగా తెలుసు. 1859 పునర్వ్యవస్థీకరణలో ఈ పట్టణం గోదావరి జిల్లాలో చేరింది. 1904లో కృష్ణా జిల్లాకు మారింది. 1925-26లో పశ్చిమ గోదావరి ఏర్పడినప్పుడు దానికి కేంద్రమైంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు తన పేరుతోనే జిల్లా అయింది. ఆ రోజు కైకలూరు, నూజివీడు ప్రాంతాలు కృష్ణాను వదిలి ఇటు వచ్చాయి. తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా మిగిలిన పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. పాత రికార్డుల్లో ఈ పట్టణం పేరు కూడా ఎల్లోర్. రైల్వే ఫైలులో ఊరికో పొట్టి కోడు, జనగణన ఫైలులో మరో అంకె. 2011 లెక్కల్లో పశ్చిమ గోదావరి 546, కృష్ణా 547. ఆటపాక పక్కన 547 ఉందంటే ఆ లెక్క రాసిననాటికి అది తప్పు కాదు. ఈనాటి జిల్లా పటంతో కలిపితే మాత్రం గూడబాతుల చెరువు మచిలీపట్నం వైపు వెళ్లిపోతుంది.

అందుకే మంచి నమోదులో కోడు పక్కన అది ఏనాటి కోడో కూడా రాస్తారు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ ఈ పద్ధతిలోనే నడుస్తుంది. ప్రతి గ్రామానికీ ఒక అంకె ఇస్తారు. ఊరు ఏ జిల్లాలోకి మారినా ఆ అంకె ఊరితోనే ఉంటుంది. మారిన జిల్లా పేరు, మార్చిన ప్రభుత్వ ఉత్తర్వు, అది అమల్లోకి వచ్చిన తేదీ కొత్త వరుసగా కిందకు చేరతాయి, పాత వరుసను చెరపరు. కృష్ణా నుంచి వచ్చిన ఫైలు, పశ్చిమ గోదావరి నుంచి వచ్చిన ఫైలు ఏలూరు కలెక్టరేటులో ఒకే పట్టికగా కలవాలంటే, సాఫ్ట్‌వేరు ముందుగా వెళ్లి చదవాల్సింది ఆ వరుసలనే.